960 వ్యూహములు: లెక్కకు ముందు అడుగవలసిన ప్రశ్న

లెక్కించుట మిక్కిలి సులభమైన పనియని లోకమున నొక నమ్మకము కలదు. కూడికలు, తీసివేతలు రాకముందే పిల్లలు వ్రేళ్లు మడిచి లెక్కించుట నేర్తురు గదా, అందేమి కష్టమున్నదని పెద్దలును అనుకొందురు. మా యభిప్రాయ మట్లు కాదు. లెక్కింప గూర్చున్న ప్రతివాడును మొదట నొక తీర్పు చెప్పవలసియున్నది. ఏ రెంటిని ఒకటిగా నెంచవలెను, ఏ రెంటిని వేఱువేఱుగా నెంచవలెను అనునదే యా తీర్పు. అది సరిగా నున్నచో పిమ్మటి గుణకారము ఎవరైనను చేయగలరు. అది చెప్పకయే లెక్కకు దిగినచో, ఎంత శ్రద్ధతో గుణించినను వచ్చిన సంఖ్యకు అర్థముండదు. ఈ మాటను వట్టి సూక్తిగా విడిచిపెట్టక, చదరంగపు బల్లమీద నిరూపింప దలచితిమి.

చదరంగము మన పాఠకులలో పెక్కుమంది యెఱిగిన యాటయే. అయినను ఒక్కొక్క యూర నొక్కొక్క పావునకు ఒక్కొక్క పేరు వాడుకలో నుండుటచే, మేము వాడబోవు పేర్లను ముందుగా చెప్పుదుము. తెల్లబలముతో నాడువానికి దగ్గఱనున్న వరుసలో ఎడమనుండి కుడికి 1 మొదలు 8 వఱకు అంకెలు వేసికొందము. బేసి గడులు నల్లనివి, సరి గడులు తెల్లనివి. మామూలు ఆటలో 1, 8 గడులయందు ఏనుగులు, 2, 7 గడులయందు గుఱ్ఱములు, 3, 6 గడులయందు శకటములు, 4వ గడియందు మంత్రి, 5వ గడియందు రాజు నిలుచును. ఏనుగు నిలువుగను అడ్డముగను నడచును. శకటము ఐమూలగా నడచును. వీని ముందఱ ఎనిమిది బంట్లుండును. నల్లబలము వీని కెదురెదురుగా అదే క్రమమున నిలుచును.

ఈ క్రమ మెన్నడును మాఱదు. అందువలన ఆరంభపు టెత్తులను తరతరముల ఆటగాండ్రు పరిశోధించి పెద్ద పెద్ద గ్రంథములు నింపిరి. కంప్యూటర్లు వచ్చిన పిమ్మట ఆ పరిశోధన యింకను లోతుగా పోయినది. నేడు గట్టి యాటగాండ్రిద్దఱు కూర్చున్నప్పుడు, మొదటి పదిపదునైదు ఎత్తులు వారి బుద్ధినుండి గాక జ్ఞాపకమునుండి వచ్చుట అరుదు కాదు. ఇది విద్య కాదని మేమనము. కాని విద్యలో నిది యొక భాగము మాత్రమే.

ఈ కొఱతను తీర్చదలచినవారిలో ముఖ్యుడు అమెరికా దేశీయుడైన రాబర్టు జేమ్సు ఫిషరు. ఇతడు 1972లో ఐస్లాండు రాజధానియగు రెయిక్యావిక్ నగరమున బోరిస్ స్పాస్కీని ఓడించి ప్రపంచవిజేత యయ్యెను. వెనుక వరుసలోని పావులను తాఱుమాఱు చేసి యాడు పద్ధతి యంతకుముందును కలదు. ఫిషరు దానికి రెండు నియమములు చేర్చి, 1996 జూన్ 19వ తేదీన అర్జెంటీనా రాజధానియగు బ్యూనస్ అయిరిస్ నగరమున లోకమునకు ప్రకటించెను. ఆటకు ముందు చీట్లు వేసి వెనుక వరుస క్రమమును నిర్ణయింతురు. శకటములు రెండును ఒకటి నల్లగడిలో, ఒకటి తెల్లగడిలో నుండవలెను. ఇది మొదటి నియమము. రాజు రెండేనుగులకును నడుమ నెచ్చటనైన నుండవలెను. ఇది రెండవ నియమము. నల్లబలము తెల్లబలమున కెదురెదురుగా అదే క్రమమున నిలుచును. ఇట్లు నిలుపదగిన ఆరంభవ్యూహములు 960. అందుచేత ఈ యాటకు చెస్ 960 అను పేరు వచ్చినది. 

ఇది మూలనబడిన వింత యాట కాదు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య గుర్తించిన మొదటి ప్రపంచపోటీ 2019లో నార్వే దేశమున జరుగగా, వెస్లీ సో మాగ్నస్ కార్ల్‌సెన్‌ను గెలిచెను. 2022లో రెయిక్యావిక్‌నందు హికారు నకమురా గెలిచెను. 2025 జూలైలో లాస్ వేగస్ నగరమున జరిగిన పోటీలో మన వరంగల్లు యువకుడు అర్జున్ ఎరిగైసి సెమీఫైనలు వఱకు పోయెను. కనుక ఈ సంఖ్యను గూర్చి తెలిసికొనుట మన విద్యార్థులకు దూరపు సంగతి కాదు.

ఇక లెక్కకు వత్తము. ఎనిమిది పావులను ఎనిమిది గడులలో నుంచుటకు 8×7×6×5×4×3×2×1, అనగా 40,320 విధములు కలవని తొందరపాటుగల విద్యార్థి చెప్పును. ఇచ్చటనే మొదటి తీర్పు కావలసివచ్చినది. ఈ యేనుగు ఆ గడిలోను, ఆ యేనుగు ఈ గడిలోను ఉన్నచో వ్యూహము మాఱినదా? వడ్రంగి చెక్కిన బొమ్మలలో ఒకదాని కొన విఱిగియుండవచ్చును, ఒకటి కొంచెము పొట్టిగా నుండవచ్చును. కంటికి అవి వేఱే. కాని యాటకు వేఱు కాదు. రెండును ఒకే నడక నడచును, ఒకే యధికారము వహించును. కావున ఏనుగుల జంటకు 2, గుఱ్ఱముల జంటకు 2, శకటముల జంటకు 2, మొత్తము 8 విధములు ఒక్కటే వ్యూహమగును. 40,320ని 8 చేత భాగించినచో 5,040 వచ్చును. నియమములేవియు లేక తాఱుమాఱు చేసినచో గల వ్యూహము లివియే.

శకటములు భిన్నమైన రంగులమీద నుండవలెనను నియమమునకు కారణము కలదు. ఐమూలగా నడచునది తాను పుట్టిన రంగును ఎన్నటికిని విడువజాలదు. రెండును ఒకే రంగున పుట్టినచో రెండవ రంగు గడులు శకటరక్షణము లేక యుండును. రెండు శకటములకు రెండు గడులు 28 విధముల నేరవచ్చును. అందు ఒకటి నల్లది, ఒకటి తెల్లది వచ్చునవి 4×4, అనగా 16. కావున 5,040లో 28కి 16 వంతులు, అనగా 2,880 మిగులును. రాజును ఏనుగులను కలిపి చూచినచో, వానికి దొరకిన మూడు గడులలో రాజు మొదటిదానను, నడిమిదానను, చివరిదానను ఉండవచ్చును. నియమము నడిమిదాని నొక్కదానినే ఒప్పుకొనును. మూడవవంతు మిగులగా 960 వచ్చినది.

నేరుగ చేసినను ఇదియే వచ్చును. తెల్లగడి శకటమునకు 4 చోట్లు, నల్లగడి శకటమునకు 4 చోట్లు. మిగిలిన ఆఱు గడులలో మంత్రికి 6 చోట్లు. మిగిలిన యైదింట గుఱ్ఱముల జంటకు 10 విధములు. మిగిలిన మూటిలో ఏనుగు, రాజు, ఏనుగు అను నొక్క క్రమమే. 4×4×6×10×1 = 960.

కొందఱు రాజు ప్రధానుడు గదా యని మొదట రాజును ఏనుగులను నిలుపబోవుదురు. అందు దోషము లేదు, కాని దారి వంకరయగును. ఎనిమిదింట మూడు గడులను 56 విధముల నేరవచ్చును. ఏరిన మూటిలో నడిమిది రాజునకు చెందును. పిమ్మట శకటముల కెన్ని చోట్లున్నవని యడిగినచో ఒక్కటే జవాబు లేదు. ఆ మూడు గడులును నల్లవైనచో (ఇట్టివి 4) నల్లది 1, తెల్లవి 4 మిగులును. శకటములకు 4 విధములు. రెండు నల్లవి, ఒకటి తెల్లది యైనచో (ఇట్టివి 24) నల్లవి 2, తెల్లవి 3 మిగులును. శకటములకు 6 విధములు. ఒకటి నల్లది, రెండు తెల్లవియైన 24కును అట్లే 6. మూడును తెల్లవైన 4కును 4. కూడగా 16+144+144+16 = 320. మంత్రికి మిగిలిన మూడు గడులు గనుక 3 చేత గుణించినచో మరల 960. రెండు వేఱు దారులలో నడచి ఒకే యూరు చేరినవానికి తాను దారి తప్పలేదను ధైర్యము కలుగును. లెక్క ముగిసినదని పలక క్రింద పెట్టకముందు రెండవదారి వెదకుట మంచి యలవాటు.

ఈ వంకరదారి మఱొక పాఠమును నేర్పును. 56 చీట్లు వ్రాసి మొదట రాజు, ఏనుగుల స్థానములను తీసి, పిమ్మట మిగిలిన పావులకు చీట్లు తీయు పద్ధతి చూచుటకు న్యాయముగనే తోచును. కాని అది న్యాయము కాదు. మూడు గడులును ఒకే రంగువైనప్పుడు తర్వాతి యమరికలు 4×3, అనగా 12 మాత్రమే. రంగులు కలిసినప్పుడు 6×3, అనగా 18. కనుక మొదటి తెగలోని వ్యూహము 672 పర్యాయములకు ఒకసారియు, రెండవ తెగలోనిది 1,008 పర్యాయములకు ఒకసారియు వచ్చు లెక్క యగును. ఒకటి మఱొకదానికంటె ఒకటిన్నర రెట్లు తఱచుగా వచ్చును. ఎవరును మోసము చేయలేదు, చీట్లు దాచలేదు. అయినను పక్షపాతము వచ్చినది. న్యాయము చేయవలెనను కోరిక యుండిన చాలదు, లెక్కయు తెలియవలెను.

సరియైన పద్ధతి ఒక్క పాచికతో సాధ్యము. పాచిక వేసి 1 మొదలు 4 వఱకు పడినదానిని బట్టి తెల్లగడి శకటమును నిలుపవలెను. 5, 6 పడినచో మరల వేయవలెను. నల్లగడి శకటమునకును అట్లే. మిగిలిన యాఱు గడులలో మంత్రికి ఒక్క వేటు చాలును. మిగిలిన యైదింట మొదటి గుఱ్ఱమునకు, 6 పడినచో మరల వేయవలెను. మిగిలిన నాలుగింట రెండవ గుఱ్ఱమునకు, 5, 6 పడినచో మరల వేయవలెను. మిగిలిన మూటిలో ఏనుగు, రాజు, ఏనుగు. ఇట్లు 4×4×6×5×4, అనగా 1,920 దారులు గలవు. గుఱ్ఱములు రెండును ఆటకు ఒకటే గనుక ప్రతి వ్యూహమును సరిగా రెండు దారుల వచ్చును. అన్నిటికిని రెండేసి దారులే గనుక పక్షపాతమునకు చోటు లేదు. పాచిక యనగానే మన తల్లిదండ్రులకు ధర్మరాజు జూదము జ్ఞప్తికి వచ్చునేమో. ఇచ్చట పాచిక గెలుపోటములను నిర్ణయింపదు. ఇద్దఱికిని ఒకే యారంభము నిచ్చి తప్పుకొనును.

లెక్క సరియని చూపుటకు ఇంకొక చక్కని సాధనము కలదు. జర్మనీ దేశీయుడైన రైన్‌హార్డ్ షార్నాగెల్ ఈ వ్యూహములకు 0 మొదలు 959 వఱకు సంఖ్యలిచ్చెను. సంఖ్యనుండి వ్యూహమును తెలిసికొనుటకు శేషముతో గూడిన భాగహారము చాలును. మాదిరికి 518 తీసికొందము. 4 చేత భాగింపగా 129, శేషము 2. తెల్లగడులగు 2, 4, 6, 8 లకు 0, 1, 2, 3 అని వరుస పెట్టినచో, శేషము 2 గనుక శకటము 6వ గడిలో నిలుచును. 129ని 4 చేత భాగింపగా 32, శేషము 1. నల్లగడులకును సున్న మొదలు వరుస పెట్టినచో రెండవ శకటము 3వ గడిలో నిలుచును. 32ను 6 చేత భాగింపగా 5, శేషము 2. మిగిలిన 1, 2, 4, 5, 7, 8 గడులను సున్న మొదలు లెక్కింపగా మంత్రి 4వ గడిలో నిలుచును. ఇప్పుడు మిగిలిన 1, 2, 5, 7, 8 గడులలో గుఱ్ఱముల జంటలను క్రమముగా వ్రాయవలెను: ఒకటవ రెండవ చోట్లకు 0, ఒకటవ మూడవకు 1, ఒకటవ నాలుగవకు 2, ఒకటవ అయిదవకు 3, రెండవ మూడవకు 4, రెండవ నాలుగవకు 5. మన చేతిలో మిగిలినది 5. రెండవ నాలుగవ చోట్లు అనగా 2, 7 గడులు. మిగిలిన 1, 5, 8 గడులు ఏనుగు, రాజు, ఏనుగులవి. చూడుడు, ఇది మన తాతలనాటి మామూలు వ్యూహమే! ప్రతి సంఖ్యకు ఒక వ్యూహమును, ప్రతి వ్యూహమునకు ఒక సంఖ్యయు ఇట్లు దొరకుచున్నవి. ఏదియు విడువబడలేదు, ఏదియు రెండుమాఱులు వ్రాయబడలేదు. లెక్క యనగా నిట్టి హాజరుపట్టీయే.

ఇంతవఱకు అందఱు నొప్పుకొందురు. ఇక వివాదము. తెలివిగల విద్యార్థి యొకడు ఇట్లు వాదింపవచ్చును: "వ్యూహమును అద్దములో చూచినట్లు ఎడమ కుడులు మార్చినచో 1వ గడి 8వది యగును, 2వది 7వది యగును. ఎడమచేతి వైపు చేయదగినదంతయు కుడిచేతి వైపు చేయవచ్చును. కనుక వ్యూహమును దాని ప్రతిబింబమును ఒక్కటే గదా? రెండేసి చొప్పున జోడించినచో 480 మాత్రమే ఉండవలెను." వాని లెక్కలో తప్పులేదు. ఒక గడి సంఖ్యయు దాని ప్రతిబింబ సంఖ్యయు కూడినచో 9 వచ్చును. 9 బేసి గనుక ఏ గడియు తనకు తానే ప్రతిబింబము కాజాలదు. రాజొక్కడే గనుక అతడు ప్రతిబింబమున తప్పక వేఱు గడికి పోవును. అందుచేత ఏ వ్యూహమును తనకు తాను ప్రతిబింబము కాదు. జంటలు సరిగా 480. మామూలు వ్యూహమునకు ప్రతిబింబమైనది, అనగా రాజును మంత్రియు స్థానములు మార్చుకొన్నది, 534వ సంఖ్య గలది.

వానికి జవాబు చెప్పవలసినది గుణకారము కాదు, ఆట నియమము. బంట్లు ముందునకు నడచును, గుఱ్ఱము ఎగురును, మంత్రి యన్ని వైపుల పోవును. వీరెవ్వరికిని ఎడమ కుడుల భేదము లేదు. కాని కోటకట్టుట యను నొక యెత్తు కలదు. దీనినే కాస్లింగు అందురు. ఈ యెత్తున రాజును ఒక యేనుగును ఒకేమాఱు కదలుదురు. ఫిషరు ఆటలో రాజు ఎచ్చట నుండి బయలుదేరినను, కుడివైపు కోట కట్టినచో రాజు 7వ గడికిని ఏనుగు 6వ గడికిని చేరవలెను. ఎడమవైపు కట్టినచో రాజు 3వ గడికిని ఏనుగు 4వ గడికిని చేరవలెను. కుడివైపు కోటలో రాజు అంచునకు ఒక గడి దూరమున నుండును. ఎడమవైపు కోటలో రెండు గడుల దూరమున నుండును. అద్దమున కుడికోట ఎడమకోట కాదు. మామూలు వ్యూహమున రాజు 5వ గడినుండి ఏ వైపునకైనను రెండు గడులు జరుగును. దాని ప్రతిబింబమున 4వ గడినుండి కుడికి మూడు గడులు, ఎడమకు ఒక్క గడియే జరుగును. పావుల యమరికలో ప్రతిబింబములైనవి, ఆటలో ప్రతిబింబములు కావు. కావున ఆటను ఆటగా చూచువానికి 960 యే సరి.

అయినచో 480 తప్పా? తప్పు కాదు. అది మఱొక ప్రశ్నకు సరియైన జవాబు. 2019లో మునుపటి ప్రపంచవిజేతయైన వ్లదిమిర్ క్రామ్నిక్ కోటకట్టుట లేని చదరంగమును ప్రతిపాదించెను. అతడు చెప్పినది మామూలు వ్యూహమునకే. అదే మార్పును 960 వ్యూహముల యాటలో తెచ్చినచో, ఎడమ కుడుల భేదము చూపునది బల్లమీద ఏదియు నుండదు. అప్పుడు 480 యే సరియగును. అంతటితో నాగదు. రాజు ఏనుగుల నడుమ నుండవలెనను నియమము రెండువైపుల కోట కట్టుకొనుటకే యేర్పడినది. కోటయే లేనప్పుడు ఆ నియమమునకు పని లేదు. దానిని విడిచినచో 2,880 వ్యూహములు, ప్రతిబింబములను ఒకటిగా నెంచినచో 1,440. ఒక్క యెత్తును తీసివేయగా ఒక సంఖ్య పోయి మఱొకటి వచ్చినది.

ఇరుబలములకును వేఱువేఱు వ్యూహములు నిర్ణయించి యాడుటయు కలదు. అప్పుడు 960×960, అనగా 9,21,600 ఆరంభములు. ఇందు తెల్లవాని వ్యూహము నల్లవానికి, నల్లవానిది తెల్లవానికి ఇచ్చినచో రెండును ఒకటేనా? కావు, తెల్లవానికి మొదటి యెత్తు హక్కుగా కలదు గనుక. ఇచ్చటను తీర్పు చెప్పినది ఆట నియమమే.

ఇప్పుడు మా ముఖ్యాభిప్రాయమును చెప్పుదుము. పాఠశాలలలో "ఎన్ని విధముల" అను ప్రశ్న వచ్చినప్పుడు విద్యార్థి మొదట నడుగునది "ఇది ప్రస్తారమా, సంయోగమా?" అని. ఏ సూత్రములో ఏ యంకె వేయవలెనని వెదకి, జవాబు వ్రాసి, ప్రక్క పుటకు పోవును. అడుగవలసిన ప్రశ్న అది కాదు. "ఇచ్చట దేనిని ఒకటిగా నెంచుచున్నాము? ఎందుచేత?" అని యడుగవలెను. అయిదు రకముల పూవులను వరుసగా పేర్చుట 120 విధములు. అయిదుగురు బంధువులు గుండ్రని బల్లచుట్టు కూర్చుండుట, ఎవరికి ఏ ప్రక్క నెవరనునదే లెక్కయైనచో, 24 విధములు. అవే అయిదు పూవులను మొదలు చివరలు కలిపి దండ కట్టినచో 12 విధములే. ఏలయన దండను తిరుగవేయవచ్చును, బంధువులను తిరుగవేయలేము. సంఖ్య పూవులలో లేదు, వానితో మనమేమి చేయుదుమో అందున్నది. దండ కట్టెడు అమ్మమ్మకు ఇది చెప్పనక్కఱలేదు. సూత్రము వల్లించిన మనుమనికి చెప్పవలసివచ్చుచున్నది.

కావున ఉపాధ్యాయులకు మా మనవి యిది. తరగతిలో 480 అన్నవానిని తప్పని కూర్చుండబెట్టవలదు, 960 అన్నవానిని సరియని పొగడి ఊరకుండవలదు. ఇద్దఱిని లేపి "ఏ నియమముచే నీ సంఖ్య సరియగును?" అని యడుగవలెను. జవాబునకు సగము గుణములు, తీర్పును ఒక వాక్యమున స్పష్టముగా వ్రాసినందుకు సగము గుణము లీయవలెను. ఇట్లు చేయుటకు కాలము చాలదని, పాఠ్యభాగము ముగియదని యొక యాక్షేపణ వచ్చును. అది నిజమైన కష్టమే. కాని తీర్పు నేర్వక సూత్రములు నేర్చినవానికి ప్రతి క్రొత్త ప్రశ్నయు క్రొత్త భయమే. తీర్పు నేర్చినవాడు సూత్రము మఱచినను తిరిగి కట్టుకొనగలడు. ఇచ్చట వెచ్చించిన వారము అచ్చట మాసముగా తిరిగి వచ్చునని మా నమ్మకము.

తల్లిదండ్రులలో కొందఱు చదరంగము కాలహరణమని తలంతురు. రాత్రి పగలు దానిలోనే మునిగినవాని విషయమున వారి మాట కాదనలేము. మఱికొందఱు పెద్ద ఆటగాండ్రు "పూర్వులు శోధించిన యారంభములను కాదనుట పెద్దల యాస్తిని పాఱవేయుట గాదా?" అని యడుగుదురు. ఆ యాస్తిని పాఱవేయుమని మేమనుట లేదు. ఆరు దినములు పూర్వుల దారిని నడచి, ఏడవ దినమున పాచిక వేసి, దారిలేని చోట ఇద్దఱును సమముగా నిలిచి యాలోచించుట మేలని మాత్రమే అనుచున్నాము. పుస్తకములు కొనగలవాడు, కొనలేనివాడు ఆ దినమున ఒకే తెలియమిలో కూర్చుందురు. పాఠశాలలో నిట్టి సమత్వమునకు విలువ కలదు.

ఇది యాటతో పోవు సంగతి కాదు. జనాభా లెక్కలవారు ఇంటికి వచ్చినప్పుడు, ఒకే కప్పు క్రింద నున్న అన్నదమ్ములు ఒక కుటుంబమా, రెండా అను ప్రశ్న వచ్చును. మన దేశపు జనాభా లెక్కలలో దానికి తీర్పు వంటయింటిలో నున్నది: సామాన్యముగా కలిసి నివసించుచు ఒకే వంటకు భోజనము చేయువారు ఒక కుటుంబము. పొయ్యి వేఱైనచో లెక్కయు వేఱు. హాజరుపట్టీలో ఒకే పేరుగల యిద్దఱు బాలురను ఒకనిగా వ్రాసినచో ఒకని పుస్తకములు పోవును. ఒక్కని పేరే రెండు తీరుల వ్రాసినచో రెండవవాని పేరిట లేనివానికి పోవును. లెక్కలోని తీర్పు తప్పినప్పుడు నష్టపోవువాడు లెక్క వ్రాసినవాడు కాడు, లెక్కకు రానివాడు.

విద్యార్థులారా, మీరు పెద్దవారై ఏ యుద్యోగమున ప్రవేశించినను ఎవరో యొకరు మీ చేతికొక సంఖ్య నిత్తురు. ఆ సంఖ్య పెద్దదని భయపడవలదు, అచ్చులో నున్నదని నమ్మవలదు. దేనిని ఒకటిగా నెంచిరి, దేనిని వేఱుగా నెంచిరి, ఏ నియమమును బట్టి యెంచిరి అని మర్యాదగా నడుగుడు. జవాబు దొరకిన పిమ్మట మీరే రెండవదారిని లెక్కించి చూడుడు. ఆ యలవాటునకు ఒక చదరంగపు బల్లయు, ఒక పాచికయు, ఒక మధ్యాహ్నమును చాలును.